లీటరుకు పన్నెండు

మా ఆయన అబద్ధమాడడు. భార్యను గనక మర్యాదకు చెబుతున్నానని అనుకోవద్దు. నంద్యాలలో ఆయనకు విత్తనాల అంగడి ఉంది. రైతు వచ్చి "ఈ మిరప కాపు బాగుంటాదా అన్నా?" అని అడిగితే, "నాకేం తెల్సప్పా, పోయినేడు పాములపాడు పక్క బాగొచ్చిందంట, గడివేముల పక్క పురుగు తినిందంట, ఇంగ నీ ఇష్టం" అనేవాడు. రైతు ఎదురు అంగడికి పోయేవాడు. ఆ అంగడాయన మాత్రం పైనుంచి దేవుడే మొలకెత్తిస్తాడన్నంత ధీమాగా అమ్మేవాడు. మా చర్చిలో పెద్దలను ఎన్నుకునేటప్పుడు అందరూ మా ఆయన పేరే చెప్పడానికి కారణం ఈ నోరే. కానుకల పెట్టె తాళం చెవి ఈయన దగ్గర ఉంటే ఎవరికీ నిద్ర పాడవదు.

అట్లాంటి మనిషి పికప్ బండి కొన్న మరుసటి ఆదివారమే చర్చి గేటు ముందర నిలబడి అబద్ధమాడాడు.

ఆ బండి గురించి చెప్పాలి. ఆళ్లగడ్డలో ఒక పెద్ద కుటుంబం వాళ్లు వాడి వదిలేసిన బండి అది. ముందర రెండు వరుసల సీట్లు, నాలుగు తలుపులు, వెనక సామాను వేసుకునే తొట్టి. తెల్ల రంగు. ముందర గడ్డపారలు వంచి బిగించినట్టు ఒక ఇనుప గార్డు. దున్నపోతు మెడంత లావు టైర్లు, అవి కంపెనీ ఇచ్చినవి కాదు, ముందటి యజమాని హోదాకు తగ్గట్టు వేయించుకున్నవి. మూడు లీటర్ల డీజిల్ ఇంజన్. పొద్దున స్టార్టు చేస్తే మా వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగేవి. మా అత్త మొదటిరోజు దాని పక్కన నిలబడి పైకి చూసి, "దీన్ని ఎక్కాలంటే నిచ్చెన యాడ తెస్తావ్ రా?" అని అడిగింది. ఎక్కడానికి పక్కన ఒక ఇనుప మెట్టు ఉంది గానీ ఆ మెట్టు ఎక్కడానికి ఇంకో మెట్టు కావాలి. అత్త కోసం ఇంట్లో పీట ఒకటి బండిలో పెట్టాం.

కొన్నది విత్తనాల బస్తాలు తేవడానికని చెప్పాడు. తొట్టికి రంగు గీసుకుపోతుందని ఒక్క బస్తా వేయలేదు. బస్తాలు ఎప్పటిలాగే ఆటోట్రాలీలో వచ్చేవి. ఆ ఆటోట్రాలీ వెనకాలే మా ఆయన ఖాళీ పికప్ తోలుకుంటూ వచ్చేవాడు. నాకు తెలిసి మొదటి నెలల్లో ఆ తొట్టిలో ప్రయాణం చేసింది ఒక్క కొత్తిమీర కట్ట. అది కూడా లోపల వాసన వస్తుందని.

ఇంక ఆ ఆదివారం. ఆరాధన అయ్యాక ఆడవాళ్లం చెప్పులు వెతుక్కుంటుంటే మగవాళ్లు బండి చుట్టూ మూగారు. ఒకాయన టైరును కాలితో తన్ని చూశాడు. టైరును తన్నితే ఏం తెలుస్తుందో నాకు ఈరోజుకీ తెలియదు, కానీ మా ఊర్లో బండి చూసిన ప్రతి మగవాడూ తన్నుతాడు. తన్నిన తర్వాత అడిగాడు.

"ఎంతిస్తాందన్నా?"

ఈ ప్రశ్న మా దగ్గర పిల్లల మార్కులు అడిగినట్టు అడుగుతారు. జీతమెంత అని అడిగితే కోపం వస్తుంది, వయసెంత అని అడిగితే నవ్వి ఊరుకుంటారు, బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పాలి. తడుముకుంటే పరువు పోయినట్టే.

మా ఆయన తడుముకోలేదు. "పన్నెండు ఇస్తాంది" అన్నాడు.

నేను చెప్పు ఒక కాలికి వేసుకుని ఇంకో కాలు గాలిలో పెట్టుకుని అట్లానే నిలబడిపోయాను. అంతకు ముందు రోజే డీజిల్ పోయించుకుని వచ్చి, మంచం మీద కూర్చుని పైకప్పు వైపు చూస్తూ డబ్బుల లెక్క వేసుకున్న మనిషి ఈయనే.

ఇంటికి పోతూ అడిగాను. "పన్నెండు ఎవరు చెప్పినారయ్యా నీకు?"

"బండే చెప్పింది" అన్నాడు.

ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. స్టీరింగు వెనక ఉండే చిన్న తెర ఫోటో. అందులో పన్నెండు అని ఉన్న మాట నిజమే. ఆ ఫోటో ఎక్కడ తీశాడో తర్వాత తెలిసింది. గిద్దలూరు నుంచి తిరిగి వస్తూ నల్లమల ఘాటు దిగుతున్నప్పుడు తీసినది. ఆ ఘాటులో ఇంజన్ ఆపేసి వదిలేసినా ఆ బండి నంద్యాల పొలిమేర దాకా దొర్లుకుంటూ వస్తుంది. అయినా ఆ ఫోటోను మనవడి ఫోటో చూపించినట్టు అందరికీ చూపించేవాడు. "కంపెనీవాడు పెట్టిన తెర. వానికి అబద్ధం చెప్పాల్సిన పనేముండాది?" అనేవాడు.

పన్నెండు అని నలుగురిలో అన్న తర్వాత ఇంక దాన్ని పన్నెండు చేయడం ఆయన పని అయింది. ఆ పనిలో మేమందరం నలిగిపోయాం.

ముందు ఏసీ పోయింది. ఏసీ వేస్తే ఇంజన్ మీద బరువు పడుతుందట. సరే, కిటికీ దించుతాను అన్నాను. వద్దన్నాడు. కిటికీ తెరిస్తే గాలి లోపలికొచ్చి బండిని వెనక్కి పట్టుకుంటుందని ఫోనులో ఎవరో చెప్పారట. నంద్యాల ఎండలో ఏసీ వేయకుండా, కిటికీలు దించకుండా, ఆ తెల్లటి పెట్టెలో కూర్చుని పెళ్లిళ్లకు పోయాం. దిగేసరికి నా పట్టుచీరకు అసలు ఇస్త్రీ చేయించినానా లేదా అని నాకే అనుమానం వచ్చేది. తర్వాత బరువు. బండిలో ఉన్న నా గొడుగు తీసేశాడు. నీళ్ల క్యాను తీసేశాడు. ఒకరోజు అత్త పీట కూడా తీసేస్తుంటే ఆమె చూసి, "నన్ను కూడా దించేయ్ రా, ఇంగా తేలిగ్గా పోతాది" అంది. పీట మిగిలింది.

డీజిల్ తెల్లవారక ముందే పోయించేవాడు, చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుందట. ఎదురుగా ఎర్ర లైటు కనిపిస్తే అల్లంత దూరం నుంచే కాలు తీసేసేవాడు. వెనక వచ్చే ఆటోవాళ్లు హారన్ కొట్టి, పక్కకొచ్చి, లోపల ఎవరికో గుండెపోటు వచ్చిందేమోనని తొంగి చూసి పోయేవాళ్లు. ఇంత బండి, ఇంత ఇంజన్, ఇంత గార్డు. దాన్ని మా ఆయన పాలగిన్నె మోసుకుపోయినట్టు తోలేవాడు.

ఈ కథ ఆళ్లగడ్డకు చేరడానికి కారణం మా అన్న. ఆయన అక్కడే వ్యవసాయం చేస్తాడు, పసుపు, మిరప. నోరు మా ఆయనకంటే పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. ఆ బండి ఆళ్లగడ్డలో ఉన్నప్పటి నుంచీ ఆయనకు తెలుసు. మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజు, కూర కలుపుకుంటూ తాపీగా అడిగాడు.

"ఎంతిస్తాంది బావా?"

"పన్నెండు."

అన్న ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగి, నీళ్లు తాగి, అప్పుడు నవ్వాడు. "ఆ బండి మా ఊర్లో ఉన్నప్పుడు డీజిల్ బంకు వాడు దానికి ఎదురొచ్చి దండం పెట్టేవాడు బావా. పన్నెండంట!"

"తోలే దాన్ని బట్టి ఉంటాది" అన్నాడు మా ఆయన.

"అయితే సూద్దాం పా. ట్యాంకు నిండా పోయించు. ఆళ్లగడ్డకు రా. మళ్లీ నంద్యాలకు పోయి అదే బంకులో నిండా పోయించు. ఎంత పట్టిందో అదే నీ మైలేజీ. తెర గిర అంతా వద్దు."

సరిగ్గా ఆ రోజుల్లోనే మా చర్చికి రాతి బాప్తిస్మపు తొట్టి చేయించాలని సంఘం వాళ్లు తీర్మానించారు. రాతి పని అంటే మా జిల్లాలో ఎవరైనా ఆళ్లగడ్డే అంటారు. అక్కడి శిల్పుల షెడ్లలో దేవుళ్లు రోడ్డు దాకా నిలబడి ఉంటారు. మా అన్నే ఒక శిల్పితో మాట్లాడి నల్లరాతి తొట్టి చెప్పించాడు. అది తయారైంది. తేవాలి. మా ఆయన కమిటీలో లేచి, నా బండిలో తెస్తానన్నాడు. ఆ మాట అన్నప్పుడు తొట్టి ఎంత బరువుంటుందో ఆయన ఆలోచించలేదు. ఖాళీ బండికి పరువు కావాల్సి వచ్చింది, అంతే.

పందెం సంగతి అప్పటికే సంఘమంతా పాకింది. సాక్షి లేకపోతే తిరిగొచ్చాక మీ లెక్క ఎవరు నమ్ముతారని ఒకాయన అడిగాడు. మా పాస్టరయ్య నవ్వి, "తొట్టి చూడడానికి ఎట్లాగూ నేను రావాలి కదా" అన్నారు. అట్లా మైలేజీకి దైవసేవకుడు సాక్షి అయ్యాడు. మా అత్త కూడా బయలుదేరింది. ఆమె చెల్లెలు ఆళ్లగడ్డలో ఉంది, చూసి చాలా రోజులైందంది. మా ఆయన ఆమె వైపు తూకం రాయి వైపు చూసినట్టు చూశాడు.

మే నెల. పొద్దున్నే బంకులో ట్యాంకు మూతి దాకా పోయించి బయలుదేరాం. పాస్టరయ్య ముందు సీట్లో, తెల్ల చొక్కాలో. వెనక నేను, అత్త. ఏసీ లేదు. కిటికీలు ఎత్తే ఉన్నాయి. నంద్యాల దాటక ముందే అయ్యగారి చొక్కా వీపుకు అంటుకుంది. ఆయన మొహమాటస్తుడు. రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "వాతావరణం వెచ్చగా ఉంది" అన్నారు, బయట ఉన్న వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు.

హైవే ఎక్కాక ఎదురుగా ఒక ఆర్టీసీ బస్సు దొరికింది. మా ఆయన ముఖం వెలిగింది. పెద్ద బండి వెనకాల దగ్గరగా పోతే అది గాలిని చీల్చుకుంటూ పోతుంది గనక మనకు డీజిల్ మిగులుతుందట. ఇదీ ఫోను చెప్పిందే. బస్సు వెనక అంటుకున్నాడు. కానీ అది ఎక్స్‌ప్రెస్ కాదు, పల్లెవెలుగు. ప్రతి ఊరి దగ్గరా ఆగింది. అది ఆగినప్పుడల్లా మేమూ ఆగాం. ఒకచోట గంప పట్టుకున్న ఒకామె బస్సు దిగి, మా బండి చూసి, ఇదీ షేర్ బండే అనుకుని తలుపు లాగింది. "యాడికి పోతాండాదప్పా?" అని అడిగింది. మా ఆయన లేదని చేయి ఊపాడు. ఆమెకూ ఒక బరువుందని ఆయన భయం.

శిరివెళ్ల దాటాక అయ్యగారు మెల్లగా అన్నారు. "సోదరా, మనం ఆ బస్సులోనే వచ్చి ఉంటే ఇదే సమయానికి చేరేవాళ్లం కదా."

"సేరేవాళ్లం అయ్యగారూ. కానీ మైలేజీ ఎట్ల తెలుస్తాది?" అన్నాడు మా ఆయన.

తెర మీద మాత్రం అంకె పెరుగుతూనే ఉంది. పది దాటింది. పదకొండు వచ్చింది. ఆళ్లగడ్డలో అడుగు పెట్టేసరికి పన్నెండుకు రవ్వంత తక్కువ. మా ఆయన బండి ఆపి అయ్యగారికి వేలు పెట్టి చూపించాడు. చెమటతో అయ్యగారి కళ్లద్దాలు మసకబారి ఉన్నాయి. తుడుచుకుని చూసి, "స్తోత్రం" అన్నారు. అంకెకు చెప్పారో, చేరినందుకు చెప్పారో తెలియలేదు.

మా అన్న ఇంట్లో నాటుకోడి పులుసు, జొన్న రొట్టె. అత్తను ఆమె చెల్లెలి ఇంట్లో దించి వచ్చాం. తిన్నాక రాతి షెడ్డుకు పోయాం. తొట్టి చూడగానే నాకు ఎంతో ముచ్చటేసింది. నల్లగా, నునుపుగా, అంచు చుట్టూ ద్రాక్ష తీగ. చుట్టూ సగం చెక్కిన వినాయకులు, నందులు. వాళ్ల మధ్య అది పెళ్లికొచ్చిన పొరుగూరి చుట్టంలా ఒద్దికగా కూర్చుని ఉంది. మా ఆయన మాత్రం ద్రాక్ష తీగను చూడలేదు. తొట్టి మందం చూశాడు. అరచేత్తో తట్టి చూశాడు. శబ్దమే రాలేదు.

"లోపల డొల్ల గదా?" అని అడిగాడు ఆశగా.

"నీళ్లు పట్టేంత మటుకే డొల్ల సార్" అన్నాడు శిల్పి.

చైను పుల్లీ వేసి, అరడజను మంది పట్టుకుని దాన్ని బండి వెనక తొట్టిలోకి దించారు. బండి వెనక భాగం దిగి, ముక్కు పైకి లేచింది. ఇది జరుగుతున్నంత సేపూ ఇంజన్ మోగుతూనే ఉందని మా ఆయన ఆలస్యంగా గమనించాడు. పరుగెత్తి చూస్తే లోపల మా అన్న. సీటు వెనక్కి వాల్చి, ఏసీ పూర్తిగా పెట్టుకుని, పాత పాటలు వింటున్నాడు.

"ఏంది బావా ఇది!"

"బండి బాగుండాది బావా. సల్లగా ఉండాది. నువ్వు ఏసీ వాడవా యేంది?" అన్నాడు అన్న అమాయకంగా.

అక్కడితో ఆగలేదు. ఆడబిడ్డను ఉత్త చేతులతో పంపకూడదంటూ మా వదిన ఒక బస్తా పసుపు పెట్టించింది. మామిడికాయలు రెండు గంపలు. అత్తను ఎక్కించుకోను పోతే ఆమె చెల్లెలు ఒక బస్తా వేరుశనక్కాయలు. మా ఆయన ప్రతి దానికీ "వద్దులేమ్మా, ఎందుకు" అంటున్నాడు. మన దగ్గర వద్దు అంటే ఇంకొకటి పెట్టమని అర్థం గనక ప్రతి "వద్దు"కూ ఇంకొకటి వచ్చింది. చివరకు మా అన్న కూడా ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. "లెక్క సూడాల గదా. రాత్రి బస్సుకు తిరిగొస్తాలే" అన్నాడు. మా అన్న సన్నగా ఉండే మనిషి కాదు.

తిరుగు ప్రయాణం నడి ఎండలో. వెనక సీట్లో ముగ్గురం, మధ్యలో అత్త. ఏసీ లేదు, కిటికీలు దించేది లేదు. అన్న రెండుసార్లు కిటికీ దించాడు, మా ఆయన రెండుసార్లు ముందు నుంచి బటన్ నొక్కి ఎత్తేశాడు. తెర మీద అంకె దిగుతోంది. తొమ్మిది. ఎనిమిది. మా ఆయన రోడ్డు కంటే దాన్నే ఎక్కువ చూస్తున్నాడు. బండి మాత్రం, చెప్పకూడదు గానీ, పొద్దున కంటే ఎంతో నిలకడగా పోతోంది. ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి గుంతకూ ఎగిరేది, ఇప్పుడు నిండు చూలాలిలా కుదురుగా నడుస్తోంది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

శిరివెళ్ల దగ్గరికొస్తుంటే అత్త తల నా భుజం మీద వాలింది. నిద్రేమో అనుకున్నాను. చేయి పట్టుకుంటే చల్లగా, తడిగా ఉంది. పెదవులు తెల్లబడ్డాయి.

"ఆపు" అన్నాను.

"ఇంగ కొంచెం దూరమే గదా..."

"ఆపయ్యా! ఆ అంకె కోసం అమ్మను సంపుతావా?"

పెళ్లయినప్పటి నుంచి పాస్టరయ్య ముందర నేను ఆయన మీద అట్లా అరవలేదు. బండి ఆగింది. రోడ్డు పక్కన ఒక సోడా బంకు, వేపచెట్టు నీడ. అత్తను దించి బల్ల మీద పడుకోబెట్టి, నీళ్లు చల్లి, ఉప్పు నిమ్మకాయ సోడా తాగించాం. అన్న తువాలుతో విసిరాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు. అయ్యగారు పక్కన మోకరించి కళ్లు మూసుకున్నారు. మా ఆయన సోడా సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరికివ్వాలో తెలియక అది చేతిలోనే పొంగి కారిపోయింది.

కాసేపటికి అత్త కళ్లు తెరిచింది. చుట్టూ చూసింది. కొడుకు ముఖం చూసింది. లేచి కూర్చుని కొంగు సర్దుకుని అంది: "నేను బస్సుకొస్తాలే నాయనా. మీరు పోండి. నీ లెక్క సెడిపోతాది."

ఎగతాళికి అన్నదనుకుందామంటే, కాదు. నిజంగానే అంది. కొడుకు ఏదో ముఖ్యమైన పని మీద ఉన్నాడని, తను అడ్డమయ్యానని ఆమె అనుకుంది. మా ఆయన ఆ మాటకు తల వంచుకున్నాడు. పోయి బండి స్టార్టు చేసి, ఏసీ చివరిదాకా తిప్పి, లోపల చల్లబడే వరకు తలుపులు మూసి ఉంచి, తర్వాత వచ్చి తల్లిని రెండు చేతులతో ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. పీట అవసరం రాలేదు. అయ్యగారు వెనక్కి వచ్చి మా మధ్య ఇరుక్కున్నారు.

"సల్లగుంది" అంది అత్త. కొంచెం దూరం పోయాక మళ్లీ అంది: "ఇది ముందు నుంచీ ఉండాదా దీంట్లో?"

మా ఆయన ఏసీ గాలి ఆమె ముఖానికి తగిలేట్టు రెక్క తిప్పాడు.

నంద్యాలలో అదే బంకుకు చేరేసరికి పొద్దు వాలింది. మా ఆయనకు ఇంక లెక్క మీద మనసు లేదు. ఇంటికి పోదామన్నాడు. మా అన్నే పట్టుబట్టాడు. అత్త తేరుకుని మామిడికాయ వాసన చూస్తోంది గనక అన్నకు మళ్లీ నోరొచ్చింది. "మూతి దాకా పోయించినావ్ గదా పొద్దున, మూతి దాకానే పోయించాల. గాలి ఉంటాది లోపల. బండి ఊపాల" అన్నాడు.

ట్యాంకు ఊపితే గాలి పోయి ఇంకాస్త పడుతుందనేది మా ప్రాంతంలో శాస్త్రం. మామూలు కారైతే ఇద్దరు ఊపుతారు. నల్లరాతి తొట్టి, పసుపు బస్తా, వేరుశనక్కాయలు, మామిడి గంపలు, లోపల మా అత్త. ఇంత బరువును ఒక పక్క అన్న, ఒక పక్క అయ్యగారు పట్టుకుని ఊపడం మొదలుపెట్టారు. బంకులో డీజిల్ పోయించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవర్లు, బండి ఎక్కడో దిగబడిందనుకుని వాళ్లూ వచ్చి ఒక చేయి వేశారు. ఆ ఊపుకు డీజిల్ నురగతో పొంగి అయ్యగారి చెప్పుల మీద పడింది.

"సాలప్పా, సాలు!" అని అరిచాడు బంకువాడు.

అయ్యగారు కిలోమీటర్లను లీటర్లతో ఫోనులో భాగించారు. ఒకసారి చేసి, కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చేశారు. తర్వాత అంత్యక్రియల దగ్గర వాడే గొంతుతో చెప్పారు.

"ఏడు."

మా అన్న ఎగరలేదు. నేను ఎగురుతాడనుకున్నాను. బహుశా శిరివెళ్ల సోడా బంకు ఆయనకూ గుర్తుంది. మా ఆయన అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "టైర్లు పెద్దవి గదా, మీటరు కిలోమీటర్లు తక్కువ సూపిస్తాది... రాయి బరువు... నువ్వు ఆడ కూర్చోని ఏసీ..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. ముందు సీట్లో అత్త అద్దంలోంచి చూస్తోంది. "ఏడే" అన్నాడు. "ఏడిస్తాంది."

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. నిజం చెప్తే ఏమవుతుందో అప్పటికి మాకు తెలియదు.

ఆదివారం వచ్చింది. తొట్టిని చర్చిలో పెట్టారు, అందరూ ద్రాక్ష తీగను తడిమి చూశారు. బయట గేటు దగ్గర మగవాళ్లు కాచుకుని ఉన్నారు.

"ఎంత తేలిందన్నా?"

"ఏడు."

టైరు తన్నిన ఆయన పక్కవాడితో మెల్లగా, నాకు వినిపించేంత మెల్లగా అన్నాడు: "ఏడని ఆయనే అంటాండాడంటే, ఐదు ఇస్తాదేమో పాపం."

మార్కెట్ యార్డులో ధాన్యం అమ్మినవాళ్లకు తరుగు అంటే తెలుసు. బస్తాకు ఇంత అని తూకంలో తీసేస్తారు, తేమకనీ, మట్టికనీ. మైలేజీకి కూడా తరుగు ఉంటుందని మా ఆయనకు ఆ రోజే అర్థమైంది. ఎవరు ఎంత చెప్పినా వినేవాడు కొంత తీసేసి వింటాడు. మా ఆయన ఒకరిద్దరిని పక్కకు పిలిచి అడిగాడట, ఇన్నాళ్లూ నేను పన్నెండు అన్నప్పుడు మీరు ఎంత అనుకున్నారు అని. "ఏడో ఎనిమిదో అనుకున్నాంలేన్నా, ఆ ఇంజన్‌కు ఇంగెంతిస్తాది" అన్నారట. ఇంటికొచ్చి నాకు చెప్పాడు. ఊరంతా నిజం తెలిసి హాయిగా ఉంటే, మేం మాత్రం కిటికీలు మూసుకుని ఉడికిపోయాం.

బండి అమ్మేద్దామనుకున్నాడు. వెలుగోడు నుంచి ఒకాయన చూడడానికి వచ్చాడు, రిజర్వాయరులో చేపల కాంట్రాక్టు చేసే మనిషి. చుట్టూ తిరిగాడు, టైరు తన్నాడు, ఇంజన్ విన్నాడు. నచ్చింది. వరండాలో కూర్చుని టీ తాగుతూ అడిగాడు.

"మైలేజీ ఎంతన్నా?"

"ఏడు" అన్నాడు మా ఆయన.

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏడా! అంటే ఐదు. వద్దులేన్నా, మునిగిపోతాం."

లేచి చెప్పులు వేసుకుంటుంటే లోపల నుంచి మా అత్త గొంతు వచ్చింది. "ఓ అప్పా, ఆని మాట ఇనొద్దు. తొమ్మిదిస్తాది. బండి అమ్మేది ఇష్టంల్యాక అట్ల అంటాండాడు."

వెలుగోడు ఆయన ముఖం విప్పారింది. మళ్లీ కూర్చున్నాడు. "అట్ల సెప్పు పెద్దమ్మా. తొమ్మిదంటే ఏడు ఖాయం. ఏడైతే నాకు సరిపోతాది."

నేను వంటింటి గడప మీద నిలబడి విన్నాను. పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని, నిజమే చెప్పండని రోజూ చెబుతాను. ఈ మనిషికి ఏడు అనే నిజం చేర్చాలంటే తొమ్మిది అని చెప్పాలన్నమాట. డెబ్బై దాటిన మా అత్తకు అది తెలుసు, నాకు తెలియదు.

బేరం దాదాపు కుదిరింది. కానీ మా ఆయన ఊరుకోడు కదా. "అన్నా, మా అమ్మ సెప్పింది తప్పు. పాస్టరయ్య ముందర ట్యాంకు టు ట్యాంకు సూసినాం. ఏడే. తొమ్మిది అనుకోని తీసుకోవద్దు" అన్నాడు.

"నేను తొమ్మిది అనుకోల్యా గదన్నా. ఏడే అనుకున్యా."

"ఆ ఏడు తొమ్మిదిలోంచి వచ్చిన ఏడు. నేను సెప్పేది ఉత్త ఏడు."

వెలుగోడు ఆయన మా ఆయన ముఖంలోకి చూశాడు. ఇంతగా నిజం చెబుతున్నాడంటే ఈ బండికి ఇంకేదో పెద్ద రోగం ఉందని అనుకున్నట్టున్నాడు. ఇంట్లో అడిగి చెబుతానని పోయాడు. మళ్లీ రాలేదు.

అత్త బయటికొచ్చి, "అమ్మలేదా? మంచిదే" అంది. వచ్చి బండి పక్కన నీడలో కూర్చుంది.

తర్వాత అమ్మకం మాట ఎత్తలేదు. ఎట్లాగూ రాతి తొట్టి దించేటప్పుడు బండి రంగు గీసుకుపోయింది గనక ఇప్పుడు బస్తాలు వేస్తున్నాడు. ఆటోట్రాలీ మానేశాడు. సంఘంలో ఎవరింట్లో పెళ్లయినా, ఎవరు ఇల్లు మారినా ఆ బండే పోతుంది. నెలాఖరుకు డీజిల్ ఎంతయిందో ఇద్దరం మాట్లాడుకోం. మొన్న వెలుగోడు వైపు పనుంటే అత్త కూడా వస్తానంది. దారి పొడుగునా ఏసీ. ఆమె చలికి శాలువా కప్పుకుని, రిజర్వాయరు నీళ్లు చూస్తూ కూర్చుంది. కట్ట దగ్గర ఆగినప్పుడు పక్కన బండి ఆపుకున్న ఒక కుర్ర రైతు కిటికీ దగ్గరికొచ్చి అద్దం తట్టాడు. మా ఆయన అద్దం దించాడు.

"ఎంతిస్తాందన్నా?"

మా ఆయన తల్లి వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు మా" అన్నాడు.